మేకలకు గేటు పాసు లేదు

నెల్లూరు వెళ్లొచ్చానంటే మా తెనాలిలో అందరూ చేపల పులుసు గురించే అడుగుతారు. ఈసారి నేను వెళ్లింది చేపల నెల్లూరుకు కాదు. ఆత్మకూరు, మర్రిపాడు, ఉదయగిరి. జిల్లాకు పడమటి కొస. మెట్టనేల, తుమ్మచెట్లు, గొర్రెలు. సముద్రం ఊసెత్తితే అక్కడివాళ్లు కూడా మనలాగే బస్సెక్కి వెళ్లి చూసొచ్చామని చెబుతారు.

వెళ్లడానికి కారణం ఒక ఫోను. పెంచలరెడ్డి నాతోపాటు డిగ్రీ చదివినవాడు. చదువయ్యాక నేను ఉద్యోగం వెతుక్కుంటూ పోతే, వాడు తన పొలం వెతుక్కుంటూ ఇంటికి పోయాడు. మొన్న వేసవికి ముందు ఫోన్ చేసి, "మా చేలో ఇప్పుడు కరెంటు పండుతుండాది, వచ్చి చూసిపోరా" అన్నాడు.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ని. ప్రపంచీకరణ పాఠం ఏళ్ల తరబడి చెప్పాను. బోర్డు మీద ఎడమవైపు లాభాలు, కుడివైపు నష్టాలు, మధ్యలో ఒక నిలువు గీత. ఎటువైపు అయిదు రాసినా మార్కులు వేసేసేవాణ్ని. ఆ గీత నిజంగా నేల మీద ఎక్కడ పడిందో చూద్దామని బయల్దేరానంటే గొప్పగా ఉంటుంది. కానీ అసలు సంగతి, పెంచలరెడ్డి ఇంట్లో పొట్టేలు కూర బాగుంటుందని ఎప్పట్నుంచో విని ఉన్నాను.

ఎండదెబ్బ తగులుతుందని మా ఆవిడ నాకొక వెడల్పాటి టోపీ, నల్లకళ్లద్దాలు కొనిచ్చింది. ముఖానికి రాసుకోమని ఏదో తెల్లటి క్రీము కూడా ఇచ్చింది. అది ఎంత రాసుకోవాలో చెప్పలేదు.

ఆత్మకూరు: నమలకూడని ముద్ద

ఆత్మకూరులో దిగగానే కారం దోసె తిన్నాను. కారం వెయ్యమంటారా అని అడిగినతనితో, గుంటూరు జిల్లావాణ్నన్న పౌరుషం కొద్దీ, బాగానే వెయ్యమన్నాను. వాళ్ల ఎర్రకారంలో వెల్లుల్లి ఎంతుందో, ఎండుమిర్చి ఎంతుందో తేల్చుకునేలోపే నాకు ఎక్కిళ్లు మొదలయ్యాయి. అతను గ్లాసెడు మజ్జిగ తెచ్చి పెట్టాడు. మా ఊళ్లో ఒక దోసెకయ్యే డబ్బుకు ఇక్కడ రెండొస్తాయి. రెండోది తినే ధైర్యం చెయ్యలేదు.

పెంచలరెడ్డి ఇంట్లో రాత్రి సంకటి, పొట్టేలు కూర. సంకటి ముద్దను కూరలో అద్ది మింగాలట, నమలకూడదట. నేను శ్రద్ధగా నమిలాను. అది పళ్లకు, అంగిట్లో, చివరికి మాటకు కూడా అంటుకుపోయింది. మా తెనాలి వైపు అన్నం ముద్దను నోట్లో పెట్టుకున్నాక కబుర్లు చెప్పుకోవచ్చు. ఇక్కడ ముందు ముద్ద సంగతి తేల్చుకున్నాకే మాట. అందుకే కాబోలు ఈ వైపు మనుషులు మాట్లాడితే సూటిగా ఉంటుంది.

మర్రిపాడు అవతల వాడికున్న మెట్ట పొలమంతా సోలార్ కంపెనీకి కౌలుకిచ్చేశాడు. సజ్జ, కంది, కాలం కలిసొస్తే పొగాకు వేసేవాడు. కలిసిరాని ఏళ్లే ఎక్కువ. ఇప్పుడు కౌలు నెలనెలా బ్యాంకులో పడుతుంది. కంపెనీ ఎవరిదని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాడు. పెట్టుబడి ఒక దేశానిదట, అద్దాలు ఇంకో దేశం నుంచి వచ్చాయట, ఇక్కడుండే ఇంచార్జి ఉత్తరాది కుర్రాడట, కరెంటు ఏ ఊరికి పోతుందో తెలియదట. నేల మాత్రం తనదేనని రెండుసార్లు అన్నాడు.

కష్టం తప్పిందిగా అన్నాను. తప్పిందన్నాడు. లేచి వాకిట్లోకి వెళ్లి ఆకాశం చూసొచ్చాడు. వానొస్తే ఇప్పుడు నీకేమిటి లాభమని అడిగాను. అద్దాల మీద దుమ్ము పోతుంది, కంపెనీకి లాభం, తనకేం లేదు, అలవాటు కొద్దీ చూశానన్నాడు. అప్పుడు వాణ్ని చూస్తే నేను రిటైరైన మర్నాడు బడి గంట టైముకు చొక్కా వేసుకుని కూర్చోవడం గుర్తొచ్చింది.

మర్రిపాడు దాటాక: నేను ఆఫీసరునైన సంగతి

మర్నాడు పొద్దున్నే జీపులో బయల్దేరాం. మర్రిపాడు దాటి ఎర్రమట్టి దారి పట్టగానే ఎదురుగా చెరువు కనిపించింది. ఇంత మెట్టలో ఇంత చెరువా అన్నాను. పెంచలరెడ్డి జీపు పోనిచ్చాడు. దగ్గరికెళితే అది నీళ్లు కాదు, అద్దాలు. వరసలు వరసలుగా, ఒకే వైపు తలలు వాల్చి, చూపు ఆనినంత దూరం. చుట్టూ ఇనుప కంచె. కంచెకు లోపల పచ్చగా గడ్డి, బయట ఎండిన బోద.

నన్ను గేటు దగ్గర దింపి, పక్క ఊళ్లో ఎవరినో పలకరించి అరగంటలో వస్తానని పెంచలరెడ్డి వెళ్లిపోయాడు. ఇప్పుడు నా ఆకారం ఊహించుకోండి. వెడల్పు టోపీ, నల్లద్దాలు, ముఖమంతా సున్నం కొట్టినట్టు తెల్ల క్రీము, భుజాన సంచి. దిగిందేమో పొలం యజమాని జీపులోంచి. వాచ్‌మన్ లేచి సెల్యూట్ కొట్టాడు.

అప్పుడే కాదని చెప్పాల్సింది. ముప్పై ఏళ్లకు పైగా పిల్లల చేత లేచి నిలబడి నమస్కారాలు పెట్టించుకుని, ఆ తర్వాత ఒక్కడూ పెట్టక వాచిపోయి ఉన్నాను. తల ఊపాను. కుర్చీ వచ్చింది. కూల్‌డ్రింక్ వచ్చింది. పెద్దాఫీసు నుంచి ఎవరో వస్తారని అతను వారం నుంచి ఎదురుచూస్తున్నాడని తర్వాత తెలిసింది. లోపల చూస్తారా సార్ అన్నాడు. చూస్తానన్నాను, వెనక చేతులు కట్టుకుని.

లోపల అద్దాల నీడలో గొర్రెలు మేస్తున్నాయి. ఒక్కోదాని చెవికి పచ్చటి బిళ్ల. వాటి వెనక మాలకొండయ్య అనే కాపరి, మెరిసే చారల నీలం జాకెట్టు, కాళ్లకు బూట్లు. అతను కూడా నన్ను ఆఫీసరే అనుకుని తన కథ ఒప్పజెప్పినట్టు చెప్పాడు.

కంచె వేయకముందు ఈ నేలంతా వాళ్ల మందలు తిరిగిన చోటే. కోత అయిపోయాక రెడ్ల చేలల్లో మంద కట్టేవాళ్లు. చేనుకు ఎరువు, గొర్రెలకు మేత, కాపరికి గింజలు. కౌలు మాట్లాడుకున్నప్పుడు నేల ఉన్నవాళ్లను పిలిచారు. నేల మీద తిరిగినవాళ్లను ఎవరూ పిలవలేదు. కంచె పడ్డాక మేత లేక సగం మందను అమ్ముకున్నాడు. ఈలోపు లోపల గడ్డి పెరిగి అద్దాలకు నీడ పడసాగింది. మిషన్లు తెచ్చి కోయించారు. ఒకనాడు కంపెనీ తరఫున ఏదో దూరదేశం నుంచి ఒకావిడ తనిఖీకి వచ్చి, మా దేశంలో అయితే దీన్ని గొర్రెల చేత మేపిస్తామని చెప్పిందట. ఆ వారమే మాలకొండయ్యకు కబురొచ్చింది. జాకెట్టు ఇచ్చారు, బూట్లు ఇచ్చారు, గేటు పాసు ఇచ్చారు.

మర్రిపాడు గొర్రె మర్రిపాడు గడ్డి తినడానికి సముద్రాల అవతలి నుంచి సిఫారసు కావాల్సి వచ్చింది. నాకు నవ్వొచ్చింది. అతను నవ్వలేదు కాబట్టి నేనూ ఆపుకున్నాను.

మేకలు కూడా వస్తాయా అని అడిగాను, ఆఫీసర్లు ఏదో ఒకటి అడగాలి కదా అని. రావన్నాడు. మేకలు అద్దాలెక్కుతాయి, తీగలు కొరుకుతాయి, వాటికి పాసు లేదు. అలా చెబుతూ గేటు వైపు చూశాడు. అక్కడ కంచె అవతల ఒక పెద్దావిడ నాలుగైదు మేకలతో నిలబడి ఉంది. మా అక్క వెంగమ్మ అన్నాడు.

వెంగమ్మ మొగుడు పోయి చాలా కాలమైంది. గొర్రెలు మేపాలంటే రోజంతా తిరగాలి, మగతోడు కావాలి. మేకలైతే తుమ్మకొమ్మ వంచి ఆకు రాలిస్తే చాలు. అందుకని ఆ ఊళ్లో ఒంటరి ఆడవాళ్లకి, ఏమీ లేనివాళ్లకి మేకలే ఉంటాయి. వాటి మేత వాగు గట్టున ఉన్న తుమ్మల్లో. ఆ వాగు ఈ అద్దాలకు అవతల. పూర్వం చేల మధ్యనుంచి దారి ఉండేది. ఇప్పుడు కంచె చుట్టూ తిరిగి పోవాలంటే సగం పొద్దు అయిపోతుంది, కూనలు నడవలేవు. ఉదయగిరిలో ఉండే కూతురు, మేకల్ని అమ్మేసి తన దగ్గరికి వచ్చెయ్యమని పోరుతోంది. బేరగాణ్ని కూడా మాట్లాడింది. ఆదివారం వస్తాడట.

గేటు లోపల: మేకలెక్కిన అద్దం

గేటు దగ్గరికొచ్చి వెంగమ్మను పలకరించాను. నల్లద్దాలు తీసి, పేరు అడిగి, ఏం కావాలమ్మా అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా నిదానంగా చూసింది. ఆ చూపును నేను గౌరవమనుకున్నాను.

"రోంతసేపు నా మేకల్ని లోపలికి ఇడవమను సార్. గొర్రెల తొట్లో నీళ్లు తాపించుకుని ఎలబారిపోతాను. నువ్వు చెప్తే కాదంటారా" అంది.

ఆ చివరి మాట నాకు బాగా పనిచేసింది. వాచ్‌మన్ వైపు తిరిగి వదలమన్నాను. అతను తటపటాయించాడు. మాలకొండయ్య దూరం నుంచే, మేకలొద్దు సార్, మాటొస్తాది అన్నాడు. ఏం కాదు, నేను చూసుకుంటానన్నాను. ఏమిటి చూసుకునేది అని నన్ను ఎవరూ అడగలేదు.

గేటు తెరుచుకుంది. మేకలు పెళ్లికొచ్చిన చుట్టాల్లా నెమ్మదిగా లోపలికి నడిచాయి. చూశారా అన్నట్టు మాలకొండయ్య వైపు చూశాను. అంతలో ముందున్న నల్లమేక మెడ ఎత్తి, వాలుగా ఉన్న అద్దాన్ని ఒకసారి వాసన చూసి, ఒక్క దూకులో పైకెక్కింది. గిట్టలు జారుతుంటే నిలదొక్కుకుంటూ పై అంచు దాకా పోయి, అక్కడ కొండరాయి మీద నిలబడినట్టు నిలబడి, అరిచింది. మిగతావాటికి అదే పిలుపు. నేను టోపీ ఊపుతూ పరిగెత్తాను. టోపీ చూసి బెదిరి మరో రెండు ఎక్కాయి. నేను బోర్లా పడ్డాను. మోకాలు చీరుకుంది. వెంగమ్మ మాత్రం కదల్లేదు, పెద్దగా అదిలించనూ లేదు.

కెమెరాలో చూశాడో ఏమో, ఇంచార్జి కుర్రాడు బండికి స్టాండు కూడా వెయ్యకుండా పరిగెత్తుకుంటూ వచ్చాడు. వెనకే పెంచలరెడ్డి జీపూ వచ్చి ఆగింది. మాలకొండయ్య ఒక్కొక్క మేకనే ముందుకాళ్లు పట్టి దించాడు. అద్దం పగల్లేదు గానీ గిట్టల గీతలు పడ్డాయి. కుర్రాడు వాచ్‌మన్‌ను హిందీలో తిట్టడం మొదలుపెట్టాడు. మాలకొండయ్య మెడలో ఉన్న పాసు కార్డు పట్టుకుని లాగబోయాడు. వాచ్‌మన్ నా వైపు చూశాడు, మీరు చెప్పండి సార్ అన్నట్టు.

ఇక చెప్పక తప్పలేదు. నేను కంపెనీ మనిషిని కానని, తెనాలి మేష్టార్నని, తప్పంతా నాదని, వీళ్లిద్దరికీ ఏ పాపమూ తెలియదని అన్నాను. తెలుగు అతనికి అర్థం కాలేదు. నా హిందీ, చిన్నప్పుడు పరీక్షలు పాసై మరిచిపోయిన హిందీ. మేకల్ని వదిలింది నేను అని చెప్పబోయి, ఎంత వెతుక్కున్నా తక్కిన మాటలు దొరక్క, గుండె మీద చెయ్యి పెట్టుకుని "మై బకరా హూఁ" అన్నాను. కుర్రాడు తిట్టడం ఆపి నన్ను కాసేపు చూశాడు. ఆ మాటను అతను కాదనలేదు.

ఆ సందులో వెంగమ్మ ముందుకొచ్చింది. గొంతు పెంచలేదు.

"ఏడాది పొద్దు ఈ రెడ్డిని అడిగితే కంపెనీని అడుగు అన్నాడు. కంపెనీ గేటు కాడికొస్తే భూమి గలాయన్ని అడుగు అన్నారు. ఈ పొద్దు ఇద్దురూ ఒక్క తావున ఉండారు. వాగుకు పొయ్యే దారి ఎవురిదో ఇప్పుడు చెప్పండి."

ఇంచార్జి నా వైపు చూశాడు. పెంచలరెడ్డికి హిందీ రాదు. కాబట్టి అనువాదం నా నెత్తిన పడింది. రాస్తా, పానీ, బకరీ, ఏక్ సాల్ అనే నాలుగు మాటలతో, చేతులతో, చివరికి మట్టిలో పుల్లతో గీసి చెప్పాను. కుర్రాడు వంగి ఆ గీతలు చూశాడు. అతను చెడ్డవాడేమీ కాదు. ఎండకు ముక్కు మీద తోలు ఊడిపోయి ఉంది. ఇక్కడికి వచ్చి ఎన్నాళ్లైనా ఎవరూ తనకు దారి సంగతి చెప్పలేదన్నాడు. అద్దాల రెండు భాగాల మధ్యన తమ బండ్లు పోయే బాట ఉంది, రెండు వైపులా గేట్లున్నాయి, పొద్దునా సాయంత్రం తెరిపించగలను, భూమి యజమానికి అభ్యంతరం లేకపోతే అన్నాడు.

అందరం పెంచలరెడ్డి వైపు తిరిగాం. వాడు కంచె అవతలికి చూశాడు.

"ఆ దారి మా నాయన ఇడిసింది. కౌలు మాట్లాడేటప్పుడు మరిచిపోయినాను" అన్నాడు.

"మరిచిపోలేదులే రెడ్డా. నీకు నడిచే పని లేకపోయె" అంది వెంగమ్మ.

వాడికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. తెరిపించమని చెప్పరా అన్నాడు నాతో. చెప్పాను. వాచ్‌మన్‌ను ఏమీ అనొద్దని, మాలకొండయ్య పాసు తియ్యొద్దని కూడా నేనే కలిపి చెప్పాను, అనువాదకుడికి ఆ మాత్రం చనువు ఉంటుంది. కుర్రాడు మాలకొండయ్యను ఒక వారం రావొద్దన్నాడు. అంతకంటే ఎక్కువ రోజులు ఆపితే గడ్డి ఆగదని అతనికీ తెలుసు.

తిరుగు దారిలో పెంచలరెడ్డి ఒక్క మాటే అన్నాడు, రాత్రికి కూర చేయించలేదని, పప్పుతో సరిపెట్టుకోమని.

ఉదయగిరి: చెక్క స్పూన్లు

మర్నాడు మొహం చెల్లక ఒక్కణ్నే ఉదయగిరి వెళ్లాను. ఊరి మీదికి వంగినట్టుండే కొండ, దాని మీద పాత కోట. ఎక్కుదామనుకున్నాను గానీ చీరుకుపోయిన మోకాలు సాకుగా దొరికింది.

ఇక్కడ చెక్కతో స్పూన్లు, ఫోర్కులు చేస్తారు. ఒక వీధిలో ఇంటి గడపలో కూర్చుని ఒకామె ఫోర్కుకు పళ్లు కోస్తోంది. ఆమె పేరు ఖాజాబీ. కొండల్లోంచి వచ్చే కర్ర మెత్తగా ఉన్నప్పుడే పని జరగాలట. చేత్తో తీసిన నగిషీ చూస్తే అన్నంలో పెట్టబుద్ధి కాదు. నగరాల్లో, విదేశాల్లో అమ్ముతారని విన్నదే తప్ప ఏ ధరకు అమ్ముతారో ఆమె చూడలేదు. నేను చూశాను. హైదరాబాదులో ఒక చల్లటి షాపులో ఇలాంటిదే, ఆమె చెప్పిన ధరకు ఎన్నో రెట్లు పెట్టి, నోరు మెదపకుండా మా అమ్మాయికి కొనిచ్చాను. అలాంటివాణ్ని ఇక్కడ మెట్టు మీద కూర్చుని కొంచెం తగ్గించమని అడిగాను. నోటికి అలవాటైపోయిన మాట, అనేశాక గానీ వినపడలేదు. ఆమె తగ్గించలేదు. పైగా ఇంకో రెండు చూపించింది. అవీ కొన్నాను. మా ఇంట్లో ఫోర్కుతో తినేవాళ్లు ఎవరూ లేరు.

బస్టాండుకొస్తే అక్కడ బల్ల మీద వెంగమ్మ కూర్చుని ఉంది. వెనక్కి తిరుగుదామా అనుకున్నాను. అప్పటికే చూసేసింది. రమ్మని బల్ల తట్టింది.

కూతురి దగ్గరికి వచ్చిందట, బేరగాణ్ని పంపొద్దని చెప్పడానికి. ఫోన్లో చెబితే వినదని స్వయంగా వచ్చి చెప్పింది. పొద్దున మేకలు అద్దాల మధ్య బాటన వాగుకు పోయాయి, తమ్ముడు తోడున్నాడు. గేటు తెరవడానికి వాచ్‌మన్ కాస్త సణిగాడు గానీ తెరిచాడు. కూనలు తుమ్మకాయలు తిని గట్టు మీద పడుకున్నాయని చెబుతుంటే ఆమె ముఖం తేటగా ఉంది.

నేను క్షమాపణ మొదలుపెట్టాను. అమ్మా, నేను కంపెనీ మనిషినని నువ్వు నమ్మావు, నేను కాదనలేదు, అది తప్పు, అని బాగా తయారుచేసుకున్న వాక్యాలు. ఆమె మధ్యలోనే ఆపింది.

"నువ్వు కంపెనీ మనిషివి కాదని నాకు గేటు కాడే తెలుసు అయ్యోరా."

ఎలా తెలుసని అడిగాను.

"కంపెనీ వాళ్లు కండ్లద్దాలు తీసి నా పేరు అడగరు."

మరి మేకల్ని వదలమని నన్నెందుకు అడిగావన్నాను. వాచ్‌మన్‌కు తెలవదు గదా అంది. ఏడాదిగా గేటు దగ్గర నిలబడి పిలిస్తే ఆ ఇంచార్జి ఒక్కనాడు బయటికి రాలేదట. మనిషి పిలిస్తే రానివాడు ఏం చేస్తే వస్తాడా అని ఆమె ఆలోచిస్తూ ఉందట. నేను జీపు దిగానట.

అంటే, మేకలు అద్దాలెక్కుతాయని ముందే తెలుసా అన్నాను. ఆమె నా వైపు జాలిగా చూసింది.

"మేక ఎక్కకుండా ఉంటాదా."

అంతలో ఆత్మకూరు బస్సు వచ్చింది. జనం తోసుకుంటూ లేచారు. వెంగమ్మ తన చేతిసంచి నాకిచ్చి, పరిగెత్తి సీటు పట్టమంది. నేను పరిగెత్తాను.